నూట యాభై మూడో చేప

మా ఊరి పేరు కొత్త జొన్నమడుగు. పేరులో మడుగుంది గానీ ఊళ్ళో నీళ్ళు లేవు. ఆ మడుగు ఉండింది పాత జొన్నమడుగులో, ఆ ఊరేమో ఇప్పుడు శ్రీశైలం డ్యాము వెనక నీళ్ళ అడుగున ఉంది. నీళ్ళను అక్కడే ఉంచుకుని, పేరొక్కటి చేతిలో పెట్టి, జనాన్ని ఆత్మకూరు దగ్గరి ఈ ఎర్రమిట్ట మీదికి తోలారు. మా ఇళ్ళల్లో కొళాయి తిప్పితే మొదట గాలి వస్తుంది, తర్వాత చప్పుడు వస్తుంది, ఆ పైన అదృష్టం బాగుంటే నీళ్ళు వస్తాయి. ఇలాంటి ఊళ్ళో మొన్న క్రిస్మసుకు నూట యాభై మూడు రకాల చేపలతో పండగ చేశాం. చేయించింది నేనే. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, కాకపోతే పూర్తిగా విన్నాక నవ్వండి.

నా పేరు ప్రేమజ్యోతి. ఆత్మకూరులో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లల చేత చేప బొమ్మ గీయించి, మొప్పలు, రెక్కలు, పొలుసులు అని బాణాలు పెట్టించి, బాణం కాస్త వంకరపోతే అరమార్కు కోస్తున్నదాన్ని. బతికున్న చేపతో మాత్రం నాకు పెద్దగా పరిచయం లేదు. ఆదివారం పూట లక్ష్మన్న మోపెడ్ మీద తెచ్చే బుట్టలో ఐసు కింద పడుకున్నవే నేను ఎరిగిన చేపలు.

ఇదంతా నక్షత్రం దగ్గర మొదలైంది. ప్రతి డిసెంబరులోనూ మా చర్చి మీద వెదురు బద్దల నక్షత్రం కడతాం. నిరుడు పక్క ఊరి సంఘంవాళ్ళు మాకు రెండింతల నక్షత్రం కట్టి, దానికి రంగులు మారే లైట్లు పెట్టి, రోడ్డు మీద పోయే బస్సులు ఆగి చూసేలా చేశారు. దేవుడు పుట్టిన పండగలో పోటీ ఏమిటని మా పాస్టరు జయకుమార్ అయ్యగారు ఆ వారం ప్రసంగంలో గట్టిగా మందలించారు. మందలించినాయన ఏడాది పొడుగునా దాన్నే మనసులో పెట్టుకున్నారని మాకు నవంబరులో గానీ తెలియలేదు. కడపలో మూడు రోజుల సభలకు పోయివచ్చి, "ఈసారి నక్షత్రం వద్దు. చేపలు కడదాం" అన్నారు.

సువార్తలో ఒకచోట శిష్యుల వలలో నూట యాభై మూడు చేపలు పడతాయి. ఆ కాలంలో లోకంలోని చేప జాతులన్నీ కలిపి అన్నేనని జనం నమ్మేవారని, అంటే ఏ జాతినీ వదలకుండా దేవుడు అందరినీ తన వలలోకి తీసుకున్నాడని అర్థమని, కడప సభల్లో ఒక ప్రసంగీకుడు చెప్పాడట. కాబట్టి చర్చి నిండా నూట యాభై మూడు కాగితపు చేపలు వేలాడాలి. ఒకదాన్ని పోలి ఇంకొకటి ఉండకూడదు.

"ఆ చేపల సంగతి ఈస్టరు తర్వాతిది కదా అయ్యగారూ" అన్నాను.

"వాక్యానికి సీజనేముందమ్మా, అదేమన్నా సీతాఫలమా?" అన్నారు ఆయన. "పక్కూరోళ్ళకు ఈ ఆలోచన రాకముందే మనం చెయ్యాల."

సైన్సు టీచరు ఉండగా ఇంకెవరని బాధ్యతంతా నాకే అప్పగించారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఇంకెవరి పేరైనా వస్తుందేమోనని భయపడ్డాను.

మా సంఘంలో అరవై ఒక్క గడపలు. గడపకు రెండో మూడో చేపలు. మొదటి ఆదివారం నోటు పుస్తకం తిప్పి, ఎవరికి ఏ చేప కావాలో రాయమన్నాను. తీరా చూస్తే పందొమ్మిది కుటుంబాలు కొర్రమీను రాశాయి. కొర్రమీను అల్లుడు వస్తే వండే చేప మరి. జెల్లను ఒక్కరూ రాయలేదు. మట్టగిడసను నర్సు జీవిత వాళ్ళింటికి కేటాయిస్తే ఆ పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "మేమేం తక్కువని అక్కా, మాకు బురద చేప?" అంది మూడో రోజు. జాతులన్నీ సమానమని చాటే పండగకు, ఏ జాతి ఎవరి గడప తొక్కాలని పంచాయితీ. చివరికి చీటీలు వేశాం. చీటీలు కలిపిందీ తీసిందీ నేనే. కొర్రమీను మా ఇంటికి వచ్చింది. దేవుని చిత్తం అనుకున్నాను. ఊళ్ళో వేరే విధంగా కూడా అనుకున్నారని తర్వాత తెలిసింది.

తగాదాలు తగ్గాలంటే రూలు ఉండాలి. నేను రెండు రూళ్ళు పెట్టాను. ఒకటి, చేపకు జనం నోట్లో నలిగిన పేరుండాలి, ఫోనులో దొరికిన ఇంగ్లీషు పేర్లు చెల్లవు. రెండు, ఆ చేప ఉందనడానికి ఆధారం చూపించాలి. ఫోటో కానీ, పుస్తకం కానీ, చేప కానీ. ఆధారం లేని చేపకు దారం లేదని చర్చి తలుపు మీద రాసి అంటించాను. రాతలో ప్రాస కుదిరినందుకు రెండు రోజులు సంతోషంగా ఉన్నాను.

ఆ రూలుకు మొదట దెబ్బతిన్నది మా సంఘపెద్ద ఏసేపన్న. ఆయనకు ఎరువుల అంగడి ఉంది, దానికి తగ్గ గొంతు కూడా ఉంది. వాళ్ళ మామ బద్వేలు చెరువులో రెండు తలల చేపను చూశాడని రాయించబోయాడు.

"ఆధారం ఉందా అన్నా?" అన్నాను.

"మా మామ చూసినాడు."

"మామను పిలిపించండి."

"సచ్చిపాయె గదమ్మా."

"అయితే చేపా పోయినట్టే" అని కొట్టేశాను. ఆయన ఊరుకోకుండా తిమింగిలం రాయమన్నాడు. అది పిల్లలకు పాలిచ్చే జంతువు, చేప కాదన్నాను. "మరి ప్రవక్తను మింగిందేంది? వాక్యంలో మత్స్యమనే ఉండాది. నువ్వు వాక్యం కంటే శానా సదివినావా?" అన్నాడు. అయ్యగారు దగ్గి కిటికీ వైపు చూశారు. తిమింగిలాన్ని కొట్టేశాను. రొయ్యనూ ఎండ్రకాయనూ కొట్టేశాను. గుర్రపు చేపను మాత్రం ఒప్పుకున్నాను, అది నిజంగా చేపే. "గుర్రం చేపంట, రొయ్య చేప కాదంట, ఈయమ్మ దగ్గర సదివిన పిల్లోళ్ళు ఏమవుతారో" అని ఏసేపన్న అంగడి ముందు కూర్చుని వారం రోజులు చెప్పాడు.

నెల్లూరులో ఉండే నా పాత స్నేహితురాలు సాహితి ఫోనులో సముద్రపు చేపల పేర్లు ఒక డెబ్బై చెప్పింది, ఫోటోలు పంపింది. చందువా, వంజరం, పండుగొప్ప, సావిడాయి, కానాగంత, మాగ, ఇంకా ఏవేవో. సముద్రం మొహం చూడని మా ఊరు ఇంటింటా కత్తెర పట్టుకుని సముద్రాన్ని ఖాళీ చేసింది. పాత క్యాలెండర్లు, పెళ్ళి పత్రికలు, బిస్కెట్ అట్టలు అన్నీ చేపలయ్యాయి. అయినా డిసెంబరు పంతొమ్మిదికి లెక్క నూట ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఇంకా పద్నాలుగు కావాలి, నా దగ్గర పేర్లు అయిపోయాయి.

ఆ సాయంత్రం మా అత్త ఏసుమణి వసారాలో చెనిక్కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే, "ఇంగిలాయి రాసినారా?" అంది.

మా అత్తకు డెబ్బై ఆరేళ్ళు. తక్కువ మాట్లాడుతుంది, ఊరంతా ఒక దారి అయితే తను ఒక దారి. నేను రాయలేదన్నాను.

"మార్పు రాసినారా?"

"లేదు."

"వాలుగ? బొమ్మిడాయి? గొరక? కట్టెజెల్ల?"

నేను నోటు పుస్తకం తెచ్చుకుని ఆమె ముందు కింద కూర్చున్నాను. ఒక్కొక్క పేరూ ఫోనులో వెతికి బొమ్మ చూపిస్తే, కళ్ళు చికిలించి చూసి, "ఊఁ, ఇదే. ఇది కుట్టిందంటే రెండు దినాలు చెయ్యెత్తలేవు" అనో, "దీనికి మీసాలు ఇంకా పొడుగు, ఈ బొమ్మలో ఎవరో గొరిగినారు" అనో చెప్పింది. చెనిక్కాయల చేట ఖాళీ అయ్యేసరికి పదమూడు చేపలు రాయించింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఒక కప్పు కింద ఉన్నాం, ఆమెకు ఇన్ని తెలుసని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. సిలబస్‌లో లేదు కదా.

"నూట యాభై రెండు అయినాయి అత్తా. ఇంకొక్కటి."

"గాజుల పరిగె రాయి" అంది.

ఆ మాట అన్న తీరు వేరుగా ఉంది. మిగిలిన పదమూడూ ఆమె నాకోసం చెప్పిందని, ఇదొక్కటి తనకోసం చెబుతోందని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

"నేను బద్వేలు పక్క మెట్టూరిదాన్ని గద" అంది అత్త. "పదైదేండ్లకు పెండ్లి చేసి జొన్నమడుక్కు పంపిస్తిరి. మా ఊర్లో నీళ్ళంటే బాయి అడుగున రూపాయంత కనపడేటివి. ఈడ చూస్తే ఇంత లావు ఏరు. మొదటి పొద్దు సామాన్లు తోమేకి మడుగు మెట్ల కాడికి పోయి, ఆ నీళ్ళు చూసి దడుసుకోని ఏడుస్తా కూర్చుంటి. కాళ్ళ కాడ ఏమో గీరినట్టాయ. చూస్తే యేలంత చేపలు. ఒంటికి నాలుగు గాజులేసుకున్నట్టు నల్ల పట్టీలు, తోక కాడ సన్నదింకొకటి. ఆ పొద్దు నా చేతికి గూడా గాజులు ఐదే. మా అత్త వచ్చి, అవి గాజుల పరిగెలు, మన ఇంటివే, ఏడ్సగాకు అనె."

"తింటారా వాటిని?"

"యాడ తినేది! మన చేతి మెతుకులు తిన్నదాన్ని మనమెట్ల తింటాం? వలలో పడినా తీసి ఇడిచిపెడతాండ్రి. క్రిస్మస్ పొద్దున పండగన్నం తొలి పిడికెడు మెట్ల మీద పోసి, అవి తిన్నాకనే మనం తినేది. కాపోళ్ళు ఉగాదికి పోస్తాండ్రి, సాయిబులు రంజాన్‌కు పోస్తాండ్రి. వాటికేమి, ఏడాదంతా పండగే."

ఇంత మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. వెంటనే ఫోను తీసి వెతికాను. చారల చేపలు చాలానే ఉన్నాయి, ఒక్కొక్కటే చూపించాను. "కాదు" అంది. "కాదు. ఇది లావు. ఇది అంగట్లో అద్దాల పెట్టెలో పెట్టేది. కాదు." ఏ పుస్తకంలోనూ ఆ పేరు లేదు. ఊళ్ళో పాత జొన్నమడుగు ఎరిగిన ముసలివాళ్ళు నలుగురైదుగురు మిగిలారు, వాళ్ళను అడిగితే ఒకరు ఉండేదన్నారు, ఒకరు ఏమో అన్నారు, ఒకరు ఆ మడుగులో మొసలి ఉండేదని వేరే కథ ఎత్తుకున్నారు.

"దొరకలేదు అత్తా."

"నీ ఫోనులో లేకపోతే మా మడుగులో లేనట్టా?"

మా ఆయన హెన్రీ డిపోలో మెకానిక్కు, ఇంట్లో మధ్యవర్తి. "రాసెయ్ రాదా, అమ్మ నోరు తెరిచి ఒకటి అడుగుతాంది" అన్నాడు. ఏసేపన్నకు ఒక రూలు, మీ అమ్మకు ఒక రూలా అని నేను ఎగిరాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు కూర్చున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం న్యాయంగా ఉన్నానని గర్వపడ్డాను.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. చర్చి మధ్యలో టేబులు, టేబులు వెనక కుర్చీలో నేను, ఒక పక్క అయ్యగారు, ఒక పక్క ఏసేపన్న. జనం పోకుండా చుట్టూ నిలబడ్డారు. చివరి చేప ఏదన్నది తేలాలి. మా అత్త కిటికీ దగ్గర తన చాప మీద నుంచి లేచి, మెల్లగా టేబులు ముందుకు వచ్చింది. ఆమె సంఘంలో నిలబడి మాట్లాడటం నేను అదే చూడటం.

"గాజుల పరిగె కట్టండప్పా" అంది. "వేరేదేం అడగను."

ఏసేపన్న కుర్చీలో వెనక్కి వాలాడు. నెల రోజులుగా ఈ ఘడియ కోసమే కాచుకున్నట్టు నా వైపు తిరిగి, "అడుగమ్మా టీచరమ్మా, నీ రూలే గద" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంటి మనిషని వదిలేస్తే నెల రోజుల నా కట్టుబాటంతా గంగలో కలుస్తుంది.

"ఆధారం ఏముంది అత్తా?" అన్నాను.

అత్త నన్ను చూసింది, టేబులును చూసింది. కోపం లేదు ఆమె మొహంలో, ఉంటే బాగుండేది.

"డ్యాము కట్టేటప్పుడు గూడా ఒకాయన ఇట్లే టేబులేసుకోని కూర్చోని అడిగె" అంది. "నీకు మూడంకణాల ఇల్లుండాదనేదానికి ఆధారమేమమ్మా అనె. ఇల్లే ఆధారమప్పా, నడువు చూపిస్తా అంటి. రేపొస్తా, ఎల్లుండొస్తా అనె. ఆయప్ప వచ్చేలోపల నీళ్ళొచ్చె. అప్పుడేమో లేని ఇంటికి ఆధారమేమని అడిగె."

అంతే అని, కొంగు తల మీదికి లాక్కుని పోయి తన చాప మీద కూర్చుంది. తర్వాత ఏసేపన్న గొంతు సవరించుకుని రూప్‌చంద్ పేరు చెప్పాడు. లక్ష్మన్న బుట్టలో ప్రతి ఆదివారం ఉంటుంది, అందరూ తింటారు, అందరికీ తెలుసు. అది ఎక్కడో దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి. పెంపకం చెరువుల్లో పెరిగి, ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి మా సీమకు వచ్చింది. దానికి ఆధారం క్షణంలో దొరికింది. మా మడుగు మెట్ల మీద పండగన్నం తిన్న చేపకు దొరకలేదు. నేను నూట యాభై మూడు అని రాసి, పక్కన రూప్‌చంద్ అని రాసి, కింద గీత కొట్టాను.

ఆ తర్వాత మూడు రోజులు అత్త నాతో మాట్లాడటం మానలేదు. అదే ఇబ్బంది అయింది. ఉప్పు చాలదనీ, గ్యాసు అయిపోవచ్చిందనీ మామూలుగానే చెప్పింది. చేపల మాట మాత్రం ఎత్తలేదు.

క్రిస్మసు రోజు చర్చి చూడాలి మీరు. దూలం నుంచి దూలానికి తీగలు లాగి, నూట యాభై మూడు చేపలూ వాటికి వేలాడదీశాం. ఫ్యాను వేస్తే అన్నీ ఒక్కసారిగా ఒకే వైపు తిరిగాయి. ప్రతి చేపకూ చీటీ మీద పేరు, ఏ ఇంటిదో కూడా రాశాం. మా కొర్రమీను ప్రసంగ వేదికకు ఎదురుగా, అందరి కళ్ళూ పడే చోట కట్టాను. పక్క ఊరి సంఘపెద్దలు వచ్చి తలలెత్తి మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు. అయ్యగారికి అంతకన్నా ఏం కావాలి? వెనక పాకలో ప్రేమ విందుకు రెండు పొట్టేళ్ళు, ముప్పై కోళ్ళు ఉడుకుతున్నాయి. పండగ చేపలది గానీ మా ఊళ్ళో పండగకు చేప తినే అలవాటు ఎవరికీ లేదు.

అయ్యగారు ప్రసంగం ఎత్తుకున్నారు. "అన్ని జాతులు పడినా ఆ వల చినగలేదు. ఎంత చిన్నదాన్నయినా ఆయన విడిచిపెట్టలేదు. లెక్కలోకి రానిది ఒక్కటీ లేదు" అని చేతులు పైకెత్తారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అనబోయి కిటికీ వైపు చూశాను. అత్త చాప ఖాళీగా ఉంది. మగవాళ్ళ వైపు చూస్తే హెన్రీ కూడా లేడు.

నా పక్కనున్న జీవిత వంగి, "అవ్వను స్కూటర్ మీద ఎక్కించుకోని మామ పోతాంటే చూస్తి అక్కా. అవ్వ చేతిలో టిఫిన్ డబ్బా ఉండాది" అంది.

పొద్దున పండగన్నం వార్చగానే అత్త డబ్బా పట్టుకుని వంటింట్లోకి రావడం, తొలి పిడికెడు అందులో పెట్టమనడం, నేను పనుల్లో పడి ఎందుకని కూడా అడగకుండా పెట్టేయడం అప్పుడు గుర్తొచ్చాయి. ప్రసంగం అయ్యాక నాకు శాలువా కప్పుతారని ముందే తెలుసు, దానికి తగ్గ చీర కూడా కట్టుకున్నాను. అయినా కూర్చోలేకపోయాను. జీవిత స్కూటీ తాళం అడిగితే, నువ్వు తోలితే ఇద్దరం ఆస్పత్రికి పోతామని తనే తీసుకుపోయింది. శాలువా నా తరఫున ఏసేపన్న కప్పించుకున్నాడట. ఇప్పటిదాకా ఇవ్వలేదు.

నీళ్ళ దగ్గరికి పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ నెలలో డ్యాము నిండుగా ఉంటుంది. రోడ్డు నేరుగా పోయి నీళ్ళలో దిగిపోతుంది, అక్కడి నుంచి పాత జొన్నమడుగుకు అదే దారి. హెన్రీ స్కూటర్ మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గడ్డంతో నీళ్ళ వైపు చూపించాడు. అత్త అంచున ఒక రాయి మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, అన్నం కొద్దికొద్దిగా వేస్తోంది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అన్నం పడినచోట చేపలు దొమ్మీగా ఎగబడుతున్నాయి. అన్నీ జిలేబి చేపలే. నల్లగా, అరచేయంత, ఆబగా. బస్టాండులో సీటు కోసం తోసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ గుంపు అంచున ఏదో చిన్నది, వేలంత ఉంటుందేమో, తళుక్కుమని తిరిగి లోపలికి పోయింది. దానికి చారలున్నాయో లేదో నేను చూడలేదు. చూడలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

"చూశాను అత్తా" అన్నాను. "ఇప్పుడే పోయింది. ఐదు గాజులు ఉన్నాయి."

ఆధారం, ఆధారం అని నెల రోజులు ఊరిని వేపుకుతిన్న నోటితోనే అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. ఎందుకన్నానంటే, ఆమె ఒంటరిగా అక్కడ కూర్చోవడం చూడలేకపోయాను.

అత్త నా వైపు తిరిగి, "పండగ పూట అబద్ధాలు చెప్పగాకు" అంది. "ఈ నీళ్ళల్లో గాజుల పరిగె యాడుండాది? అది మెట్ల కాడ బతికే చేప. మెట్లు పాయె, అదీ పాయె. నలభై ఏండ్లయింది నేను దాన్ని చూడక."

"లేదని తెలిసి మరి ఎందుకత్తా అంతగా అడిగినావు?"

"ఉండేటివి లచ్మన్న బుట్టలో ఉంటాయి. వాటికి నువ్వు దారం కట్టేదేంది? లేనిదాన్ని గద యాడో ఒక తావున పెట్టుకోవాల్సింది."

నాకు సిగ్గేసింది. ఇంత చదువు చదివి, ఇంతమందికి చెప్పి, ఈ మాట నాకు తోచలేదే అని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అత్త ఊరుకోబెట్టలేదు, ఊరుకోబెట్టడం ఆమెకు అలవాటు లేదు. డబ్బాలో మిగిలిన మెతుకులు నా చేతిలో పోసింది.

"వెయ్యి" అంది.

"జిలేబీలకా?"

"అవి మాత్రం ఏం చేసినాయి? వాటిని గూడా ఎవరో తెచ్చి ఇడిచినారు. తిననీ."

సాయంత్రం పాటల కార్యక్రమానికి జనం చేరకముందే నేను చర్చికి పోయాను. పాత క్యాలెండరు అట్ట వెనక అత్త చెప్పింది చెప్పినట్టు వేలంత చేపను గీసి, నల్ల పట్టీలు వేసి, కత్తిరించాను. చీటీ మీద గాజుల పరిగె అని రాశాను. కానీ లెక్క నూట యాభై నాలుగైతే వాక్యానికి విరుద్ధమని అయ్యగారు ఒప్పుకోరు. ఒకటి తీయాలి. రూప్‌చంద్‌ను తీద్దామని స్టూలెక్కాను గానీ, ఎవరో తెచ్చి విడిచినదన్న మాట గుర్తొచ్చి చెయ్యి రాలేదు. దిగి, స్టూలు వేదిక ముందుకు జరుపుకుని, మా కొర్రమీనును విప్పేశాను. ఆ దారానికే గాజుల పరిగెను కట్టాను.

ఏసేపన్న రాగానే అది కనిపెట్టాడు. శాలువా ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

"ఏమ్మా టీచరమ్మా, ఇదేం చేప? దీనికి ఆధారమేమి?"

"మా అత్త" అన్నాను.

"మీయత్త చెప్తే సరిపాయెనా? మరి మా మామ?"

"మీ మామ చేపను కూడా తెండి అన్నా. మా ఇంటి పేరున ఇంకా రెండున్నాయి, ఒకటి విప్పుతాను."

రెండు తలలు కత్తిరించడం కష్టమని ఆయన ఇంకా తేలేదు, కానీ ఆ సాయంత్రం దాన్ని విప్పమని మాత్రం అనలేదు.

అత్త హెన్రీ చెయ్యి పట్టుకుని వచ్చింది. కిటికీ దగ్గర చాప మీదికి పోకుండా నేరుగా వేదిక ముందుకు వచ్చి తలెత్తింది. చాలాసేపు చూసింది. ఫ్యాను గాలికి చేప అటు తిరిగితే, మళ్ళీ ఇటు తిరిగేదాకా ఆగింది. ఆమె ఏమంటుందోనని నేను పరీక్ష రాసిన పిల్లలాగా పక్కన నిలబడ్డాను.

"ఐదూ ఒకే లావు గీసినావు" అంది అత్త. "తోక కాడిది సన్నంగా ఉండాలని చెప్పలేదా?"

అరమార్కు పోయింది. నేను స్టూలు తెచ్చుకుని ఎక్కి, దాన్ని దించి, ఆమె చెబుతుండగా తోక దగ్గరి గాజు సరిచేశాను.